టెంటులో అయిదో పక్క

టెంటు కొందామన్న ఆలోచన నాది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తరవాత ఎవరూ మా ఆయన్ని ఏమీ అనకుండా.

మా పెళ్లయి ఎనిమిది నెలలు. ఆయనకిది రెండోది, నాకు మొదటిది. ముప్ఫై ఎనిమిదేళ్లు వచ్చేదాకా కుట్టుమిషనే నా సంసారం. ఆయనకు ఇద్దరు పిల్లలు. ఆడపిల్లకు పన్నెండేళ్లు, పిల్లాడికి ఆరు. వాళ్లమ్మ పోయి మూడేళ్లయింది. పిల్లాడు నన్ను పిన్నీ అంటాడు. ఎవరు చెబితే మొదలుపెట్టాడో గానీ నోరారా అంటాడు. పిల్ల మాత్రం నన్ను ఏమీ అనదు. నాతో పనిపడితే గోడతో మాట్లాడుతుంది. "పాలు అయిపోయాయి" అని గోడకు చెబుతుంది, నేను వినాలి.

ఆ ఇంట్లో నేను ఒంటరిగా ఉన్న పూట లేదు. దెయ్యాలంటే నాకు భయం లేదు గానీ, వంటింట్లో చెయ్యి పెట్టే దెయ్యమంటే ఒళ్లు మంట. గ్లాసులు కడిగి నిలబెట్టి వెళతాను, తిరిగొచ్చేసరికి బోర్లించి ఉంటాయి. గుమ్మం పక్క కొక్కేనికి నా సంచి తగిలిస్తాను, కాసేపటికి సంచి కుర్చీలో ఉంటుంది, కొక్కెం ఖాళీగా ఉంటుంది. రెండో నెలలో కాపు కాసి పట్టుకున్నాను. గ్లాసులు బోర్లించేది పిల్ల. సంచి తీసేది మా ఆయన. ఫోనులో మాట్లాడుతూ మాట్లాడుతూ తీసి పక్కన పడేశాడు, తీసినట్టు ఆయనకే తెలియదు. కొక్కెం ఎవరిదని నేను అడగలేదు. తండ్రీ పిల్లలూ కలిసి పోయినావిణ్ణి ఇంకా ఇంట్లో నడిపిస్తున్నారని అర్థమై ఊరుకున్నాను. ఊరుకోవడమంటే నోరు మూసుకోవడం, అంతే.

అంతవరకైతే సరిపెట్టుకునేదాన్ని. కానీ ముగ్గురూ ఇంట్లో లేని పూట, నేను మిషను మీద ఉండగా, వంటింట్లో గ్లాసులు కదిలిన చప్పుడు రెండుసార్లు విన్నాను. లేచి చూడలేదు.

అందుకే టెంటు. ఆవిడ అడుగుపెట్టని చోటికి, ఆవిడ చెయ్యి తగలని సామానుతో, నాలుగు రోజులు పోదామనుకున్నాను. ఆరుబయట గుడ్డ గోడల మధ్యనైనా ఆ ముగ్గురి పక్కన నాకూ ఒక చోటు దొరుకుతుందేమోనని ఆశ. ఇంతకన్నా పెద్ద ఆశేమీ లేదు నాకు. మా ఆయన సరే అన్నాడు. ఆయన దేనికైనా సరే అంటాడు, అదొక జబ్బు.

టెంట్ల దుకాణం ఒక పాత బస్సుల షెడ్డులో ఉంది. పైన రేకులు, కింద నున్నటి సిమెంటు నేల. గోడల వెంట రకరకాల టెంట్లు నిలబెట్టి ఉన్నాయి. దుకాణాయన్ని అందరూ టెంట్ల తాత అంటారు. డెబ్భై దాటి ఉంటాయి, చెవి మీద సుద్దముక్క. నేనూ సుద్దతోనే బతికేదాన్ని కాబట్టి ఆయన చూడగానే నచ్చాడు. ముందు కుట్లు చూశాను. మూలల్లో రెండు వరసల కుట్టు, కుట్టు మీద నీళ్లు దిగకుండా పట్టీ. జిప్పు పైకీ కిందికీ లాగాను. ఎక్కడా పట్టలేదు.

"డబ్బా మీద ఆరుగురికి అనుంది. మాకిది వదులవుతుందేమో" అన్నాను.

తాత నవ్వాడు. "ఆ ఆరుగురూ చీపురుపుల్లలైతే వదులే తల్లీ. డబ్బా మీద లెక్క నమ్మి కొన్నవాళ్లు మర్నాడు పొద్దున్నే మెడలు పట్టేసి వస్తారు నా దగ్గరికి. మీరెలా పడుకుంటారో చూడందే నేను టెంటు అమ్మను."

ఆయన పద్ధతి అది. కొనవచ్చిన కుటుంబాన్ని నేల మీద పడుకోబెడతాడు. పది నిమిషాలు కళ్లు మూసుకోమంటాడు, ఒళ్లు తన చోటు తనే వెతుక్కునేదాకా. ఆ తరవాత ఒక్కొక్కరి చుట్టూ సుద్దతో గీత గీస్తాడు. లేపి, గీతల వెడల్పు కొలిచి, దానికి సరిపడే టెంటు చూపిస్తాడు. అడ్డదిడ్డంగా కాళ్లు విసిరేవాళ్లు, దుప్పటి మొత్తం లాక్కునేవాళ్లు, మొహాలు చూసుకోని మొగుడూ పెళ్లాలు, అందరూ గీతల్లో దొరికిపోతారని చెప్పాడు. "మనుషులు మాటల్లో అబద్ధం ఆడతారమ్మా, పడుకున్నాక ఆడలేరు."

పిల్లాడికి ఇది పండగలా ఉంది. చెప్పులు విడిచి ముందే పరిగెత్తాడు. సిమెంటు చల్లగా ఉంది. పిల్ల గోడవారగా పడుకుంది. దాని పక్కన తమ్ముడు. ఆ తరవాత మా ఆయన, ఈ చివర షట్టరు వైపు నేను. ఇంట్లో పిల్లల గది వేరు, మా గది వేరు. నలుగురం ఒక్క వరసలో పడుకోవడం అదే మొదటిసారి. కళ్లు మూసుకుంటే ఎక్కడో రేకు టకటకమంది. పిల్లాడి ఊపిరి బరువెక్కింది. వాడు నిజంగానే నిద్రపోయాడు. నాకు హాయిగా అనిపించింది. ఇదిగో, నలుగురం, అనుకున్నాను.

తాత సుద్ద బరబరా గీస్తున్న చప్పుడు వినిపించింది. నా చుట్టూ వచ్చింది, వెళ్లింది. చాలాసేపు గీశాడు.

"లేవండి. అయిదుగురికీ కలిపి పన్నెండడుగులు కావాలి" అన్నాడు.

"నలుగురం తాతా" అన్నాను లేస్తూ.

"నలుగురా?" కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "మరి ఇదెవరు?"

కిందికి చూశాను. పిల్లాడి గీతకూ వాళ్ల నాన్న గీతకూ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా ఉంది. ఖాళీ జాగా అయితే నేనేమీ అనుకోకపోదును. పిల్లాడు ఆ జాగా వైపు తిరిగి, ఒక చెయ్యి పైకి చాపి, మోకాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. వాడి గీత ఎక్కడ లోపలికి పోయిందో అక్కడ ఎవరివో మోకాళ్లు వచ్చాయి. వాడి చెయ్యి వంపులో ఒక తల. ఈ పక్కన మా ఆయన, ఎవరికీ తగలకూడదన్నట్టు, చేతులు గుండెల మీద పెట్టుకుని కర్రలా పడుకున్నాడు. ఆయన గీత ఆవిడ వీపయింది. ఎవరూ గియ్యలేదు. ఇద్దరి గీతల మధ్య తనే ఏర్పడి, కొడుకు వైపు తిరిగి పడుకుని ఉంది.

మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన తప్పు కూడా లేదు. పిల్లలకూ తండ్రికీ మధ్య ఆ జాగా వదలడం వాళ్లకు అలవాటని ఆ ముగ్గురిలో ఒక్కరికైనా తెలిస్తే కదా.

భయం ఎంతసేపో ఉండదు నాకు, వెనకాలే కోపం వస్తుంది. ఇల్లు వదిలి వచ్చినా, కొత్త దుకాణంలో, పరాయి నేల మీద, నాకన్నా ముందే వచ్చి పడుకుంది! నేనేమో షట్టరు దగ్గర కాపలా.

"నలుగురికి సరిపోయేదే ఇవ్వండి" అన్నాను. "ఉన్నది నలుగురం."

"అయితే నేను రాను" అంది పిల్ల. ఈసారి గోడతో కాదు, సూటిగా నాతో.

"ఏవండీ, మీరేమైనా అంటారా?" అని మా ఆయన్ని అడిగాను. సరే అనే మనిషికి ఎవరికి సరే అనాలో తెలియలేదు.

ఇంక నా ఒళ్లు నాకు తెలియలేదు. ముందుకెళ్లి ఆ జాగా మీద కాలు పెట్టి సుద్ద చెరిపెయ్యబోయాను. పాదం కింద వీపు గీత ఒక జానెడు చెరిగింది కూడా.

"పిన్నీ, తొక్కకు" అన్నాడు పిల్లాడు. నిద్రమత్తులో కూర్చుని కళ్లు నులుముకుంటున్నాడు. "అమ్మకి నొప్పి."

వాడికి వాళ్లమ్మ గుర్తుండే అవకాశం లేదు. మూడేళ్ల పసివాడు అప్పుడు. ఎవరూ చెప్పకుండానే అది అమ్మ అని వాడికెలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. నా కాలు గాల్లోనే ఆగిపోయింది. సిగ్గేసింది. పోయినావిణ్ణి కాలితో చెరపబోయిన దాన్ని నేను, అదీ ఆవిడ పిల్లల ముందు. ఆవిడ నన్ను ఏం చేసింది? గ్లాసులు బోర్లించింది.

కాలు వెనక్కి తీసుకుని పక్కనే గొంతుక్కూర్చున్నాను. తాత చెవి మీది సుద్దముక్క అడిగి తీసుకుని, చెరిగిన జానెడూ మళ్లీ గీశాను. బట్ట మీద గీసిన చెయ్యి కదా, వంపు బాగానే వచ్చింది. తరవాత సంచిలోంచి టేపు తీశాను. ఎవరికి కొలత తీసుకోవాలన్నా నాకు అడగడం తెలుసు. ఇంకేం మాట్లాడాలో తెలియనప్పుడు అదొక్కటే తెలుసు.

"మీ అమ్మ ఎత్తెంత?" అని పిల్లని అడిగాను.

అది నా చేతిలో టేపు వైపు చూసింది. "మీకన్నా పొట్టి. మీ చెవి దాకా వస్తుంది."

"ఎప్పుడూ తమ్ముడి వైపే తిరిగి పడుకునేదా?"

"ఊఁ. వీడు చెయ్యి తగలకపోతే ఏడ్చేవాడు. అప్పుడు మాకు ఒకటే గది."

"మరి వెనకాల మీ నాన్నా?"

పిల్ల వాళ్ల నాన్న వైపు చూసి తల దించుకుంది. "నాన్నకి నైట్ డ్యూటీ. తెల్లారి వచ్చేవాడు. అమ్మకి వీపుకి చలేసేది. ఆ జబ్బు వచ్చాక ఇంకా ఎక్కువ వేసేది. నాన్న దిండు నిలువుగా పెట్టుకుని, దానికి ఆనుకుని పడుకునేది. నాన్న వచ్చే టైముకి తీసి మళ్లీ మామూలుగా పెట్టేసేది. నాన్నకి చెప్పొద్దంది."

ఆయనకిది తెలియదు. ఆవిడ ఉన్నన్నాళ్లూ, ఆవిడ లేని ఈ మూడేళ్లూ తెలియదు. "పొద్దున్న దిండు వెచ్చగా ఉండేది" అన్నాడు మెల్లగా. "పిల్లాడు పడుకున్నాడేమో అనుకునేవాణ్ణి." అని అటు తిరిగి, అక్కడున్న ఒక టెంటు తాడు పట్టుకుని నిలబడిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. నేను దగ్గరికి వెళ్లలేదు. కొన్ని ఏడుపులు పెళ్లాం ఓదార్చేవి కావు, రెండో పెళ్లాం అసలే కాదు.

టెంట్ల తాత నెమ్మదిగా, "ఎంతమందికి చూపించమంటావు తల్లీ?" అని అడిగాడు.

"అయిదుగురికి" అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

ఆయన చివరికంటా తీసుకెళ్లి ఒక ఆకుపచ్చ టెంటు చూపించాడు. డబ్బా మీద ఎనిమిదిమందికి అని ఉందట. లోపల మా ఆయన తల వంచకుండా నిలబడగలిగాడు. రెండు వైపులా దోమతెర కిటికీలు, మధ్యలో కావాలంటే దించుకునే తెర. నేను అలవాటు కొద్దీ కుట్లు చూడబోయాను గానీ, కళ్లకు ఏమీ కనిపించలేదు.

"ఒకసారి పడుకుని చూడండి, ఇరుకైతే ఇప్పుడే తెలుస్తుంది" అని తాత జిప్పు సగం మూసి వెళ్లాడు.

లోపల వెలుగు పచ్చగా, నీళ్ల అడుగున ఉన్నట్టుంది. పిల్ల ఆ చివర పడుకుంది. పిల్లాడు దాని పక్కన, ఇటు తిరిగి, చెయ్యి చాపి. ఈసారి జాగా ఎంత వదలాలో వాళ్లకు తెలుసు. మా ఆయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నేనూ మామూలుగా ఆ వారకే వెళ్లబోతుంటే, పిల్ల మోచేతి మీద లేచింది.

"అక్కడ కాదు. ఇక్కడ, అమ్మ వెనకాల" అంది. చేత్తో చూపించి, "దిండు ఉండే చోట" అంది.

ఎనిమిది నెలలు ఎదురుచూస్తే నాకు దక్కింది దిండు ఉద్యోగం. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. వెళ్లి పడుకున్నాను. ఆ ఖాళీ వైపు తిరిగాను. నా వెనకాల మా ఆయన వచ్చి పడుకున్నాడు. ఈసారి కర్రలా కాదు, ఆయన నుదురు నా వీపుకు తగిలింది.

నా మొహానికీ పిల్లాడి మొహానికీ మధ్య జానా బెత్తెడు దూరం ఉందంతే అనిపించింది, ఇంకోసారి చూస్తే చాలా దూరం ఉంది. ఎవరూ కదలలేదు. కింద పరిచిన ప్లాస్టిక్ గుడ్డ మాత్రం, ఎవరో ఒత్తిగిల్లి సర్దుకున్నట్టు, చిన్నగా గరగరలాడింది. పిల్లా పిల్లాడూ నా వైపే చూస్తున్నారు. విన్నారా అని నేను అడగలేదు. చెయ్యి చాపి ఆ ఖాళీలో పెట్టాను, వీపు ఉండాల్సిన చోట.

"పిన్నీ" అన్నాడు పిల్లాడు గుసగుసగా. "అమ్మకి ఇంక చలెయ్యదా?"

"వెయ్యదురా. నేనున్నాగా" అన్నాను.

అన్నానే గానీ, అప్పటికే నా అరచేతికి చల్లగా తగులుతోంది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.