ఒడ్డున నిలబెట్టిన ఏడు చెట్లు

నవంబరు మొదట్లో నా చేతిలో ఉన్నది ముందు చెబుతాను. హెరాన్ సరస్సు ఉత్తరపు ఒడ్డున తొమ్మిది గదుల బస, కింద భోజనాల హాలు, బయట పెట్రోలు పంపు, నిండుగా నింపించిన ట్యాంకు. వంటగదిలో మా అక్క డొరీన్. ఫ్రీజర్‌లో ఆమె చేతి పేస్టీలు రెండు వందల అరవై. పిండి మడతలో మాంసం, బంగాళాదుంపలు కూరి కాల్చినవి. వీటన్నిటితో పాటు వరసగా రెండు పాడు చలికాలాలు. పోయిన ఏడాది సరస్సు మీద దారి తెరిచింది పదకొండు రోజులు, అంతకు ముందు ఏడాది తొమ్మిది. ఈ మూడోది కూడా అలాగే పోతే వసంతంలో కిటికీలకు చెక్కలు కొట్టి, అక్క ఒక దారి, నేనొక దారి.

నా వ్యాపారమంతా ఆ మైలున్నర దారే. దక్షిణం నుంచి మంచుబళ్ల మీద, అంటే మంచు మీద పరిగెత్తే మోటారు బళ్ల మీద, వచ్చేవాళ్లు గడ్డకట్టిన సరస్సును దాటితే తిన్నగా నా పంపు ముందు ఆగుతారు. సరస్సు తెరవకపోతే చిత్తడి అడవి చుట్టూ పంతొమ్మిది మైళ్లు తిరిగి, నా మొహం చూడకుండానే పైకి వెళ్లిపోతారు.

మా మంచుబళ్ల క్లబ్బు తరఫున దారి ఎప్పుడు తెరవాలో చెప్పేవాడు ఆర్విడ్ కాంగస్ ఒక్కడే. డెబ్బై రెండేళ్ల మనిషి. బరమా భుజాన వేసుకుని నడుచుకుంటూ వెళ్లి, నలభై చోట్ల మంచుగడ్డను తొలిచి మందం కొలుస్తాడు. అన్ని చోట్లా ఎనిమిది అంగుళాలు తేలితేనే తల ఊపుతాడు. అప్పుడు, పండగ అయ్యాక ఊరివాళ్లు ఒడ్డున తెచ్చి పడేసిన క్రిస్మస్ చెట్లను వంద అడుగులకొకటి చొప్పున గడ్డలో పాతుకుంటూ పోతాం. ఈ ఒడ్డున బే అని పిలిచే వంపు నుంచి మేం, అవతలి ఒడ్డు నుంచి చేపల ఎరల కొట్టు హోలిస్ పెల్కీ. రెండు వరసలూ మధ్యలో సరస్సు సన్నబడే చోట, ప్రవాహం ఉన్న ఇరుకు దగ్గర, కలుస్తాయి. ఒక ఒడ్డు మొదలుపెడితే రెండో ఒడ్డు మొదలుపెడుతుంది. అడిగేది లేదు. సరస్సు మీద చెట్టు నిలబడిందంటే ఆర్విడ్ కొలిచాడని అర్థం. ముప్ఫై ఏళ్లుగా అంతే.

డిసెంబరంతా వానలు. బళ్లు తుడిచి తుడిచి రంగు పోగొట్టుకున్నవాళ్లున్నారు. దక్షిణాది నుంచి గ్లెన్ వాజ్నియాక్ రోజూ పొద్దున్నే ఫోను చేసేవాడు. ఐదుగురి జట్టు వాళ్లది, ఏటా నా దగ్గరే దిగుతారు.

"మంచు పడిందా?"

"పడలేదు."

"సరిగ్గా చూశావా?"

"కిటికీ తీస్తే కనపడేదే గ్లెన్, వెతుక్కునే వస్తువు కాదు."

"నా బండి గరాజులో ఉంది, దాని మీద కూర్చునే మాట్లాడుతున్నా. మా ఆవిడ భోజనం కూడా ఇక్కడికే తెచ్చిపెడుతోంది."

అవతలి ఒడ్డు నుంచి ఫోనులో హోలిస్ నన్ను ఆటపట్టించేది ఇంకో రకం. "ఏంరా వెండీ, మీ ఒడ్డు తెల్లగా కనిపిస్తోంది. మంచా, నీ నెత్తా?"

జనవరి ఐదున, సోమవారం, ఆర్విడ్ సరస్సు మీదికి వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని, "బేలో ఐదున్నర. ఇరుకులో నాలుగు," అన్నాడు. మర్నాడే గ్రీన్ బే పట్నంలో అతనికి కంటి శుక్లం ఆపరేషను. కూతురింట్లో ఉండి ఆదివారానికి వస్తానన్నాడు.

బుధవారం రాత్రి మొదలైన మంచు గురువారం తెల్లారేసరికి పదహారు అంగుళాలు పడింది. పంపు మీద టోపీ పెట్టినట్టుంది. ఎనిమిది లోపే నాలుగు గదులకు ఫోన్లొచ్చాయి. ఐదో ఫోను ఆర్విడ్‌ది.

"ఎంత పడింది?"

"పదహారు! పెద్దాయనా, మన దశ తిరిగింది."

"చలి?"

"నీళ్లు గడ్డకట్టీ కట్టనంత."

"చెడింది," అన్నాడు. "సన్న గడ్డ మీద దుప్పటి కప్పినట్టయింది. ఇక కింద పెరగదు. బరువుకి కుంగుతుంది, నీళ్లు పైకొస్తాయి. మీరంతా మంచు కావాలని మొక్కారు గానీ చలి కావాలని ఒక్కడూ మొక్కలేదు. నేనొచ్చేదాకా చెట్ల జోలికి పోకు అబ్బాయ్."

"అలాగే," అన్నాను.

పది గంటలకు గ్లెన్ ఫోను. "ఐదుగురం రేపు బయల్దేరుతున్నాం. సరస్సు తెరిచారా? తెరవకపోతే ఈసారి పడమరకి పోదామంటున్నారు మావాళ్లు."

"తెరిచే పనిలోనే ఉన్నాం," అన్నాను.

ఆ మాటకు ఏదో ఒక పని కనిపించాలి కదా. నా రేవు దగ్గర, మోకాలి లోతు నీళ్లున్న చోట, నేనే గడ్డను తొలిచి చూశాను. ఏడు అంగుళాలు. ఒడ్డు పక్కన ఎప్పుడూ మందంగానే ఉంటుంది, అది నాకు తెలుసు. గుట్టలోంచి ఏడు చెట్లు లాగి, కొన్నిటికి ఇంకా మెరుపు కాగితాలు వేలాడుతుండగానే, రేవు నుంచి బే లోపలికి వరసగా నిలబెట్టాను. ఏడోది కూడా నా బరువు మోసిన గడ్డలోనే ఉంది. సరుకు రాకముందు కొట్టుకు బోర్డు కట్టుకోవడం లాంటిదే అనుకున్నాను. అబద్ధం ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున డొరీన్ వంటగది కిటికీ లోంచి చూసి, "అటుపక్క ఆ నల్లచుక్కలేంట్రా?" అంది.

బయటికి వెళ్లాను. అవతలి ఒడ్డు నుంచి చెట్లు వస్తున్నాయి. లెక్కపెట్టాను, పద్నాలుగు. పదకొండుకి ముప్ఫై ఒకటి. అప్పుడు హోలిస్ ఫోను చేశాడు.

"ఏరా, నీ చెట్లు దుర్భిణిలో చూశా. ముసలోడు ఇంత తొందరగా ఒప్పుకున్నాడంటే కన్నుతో పాటు బుర్ర కూడా కోశారేమో! మావాళ్లు ఇరుకు దాకా వేసేశారు. మరి నువ్వేంటి, ఏడు పాతి పడుకున్నావు?"

"గదులు సర్దుతున్నా. చేతులు ఖాళీ లేవు."

"ఎంత అన్నాడు?"

ఇక్కడ నేను ఆగాను. పెద్దగా ఏం కాదు, ఊపిరి ఒకసారి తీసుకునేంత సేపు. "బేలో ఏడు," అన్నాను.

"ఏడా! రేపటికి ఎనిమిది అవుతుందిలే. మిగిలినవి కుదిరినప్పుడు వెయ్యి, జాడలు పడితే అవే దారి," అని పెట్టేశాడు.

మధ్యాహ్నం రెండు గంటలకు మొదటి బళ్లు దాటి వచ్చాయి. ఆరు. హెల్మెట్లు తీసి కౌగిలించుకున్నారు, ఒకడు పంపును ముద్దు పెట్టుకున్నాడు. చీకటి పడేలోపు ఇంకో పదమూడు. శనివారం పొద్దున పదహారు. మొత్తం ముప్ఫై ఐదు. హాలులో కూర్చోవడానికి చోటు లేదు, తడి చేతితొడుగులు పొయ్యి చుట్టూ ఆరేసి ఉన్నాయి, మూడేళ్లుగా వినని గోల.

డొరీన్ నన్ను వంటగదిలోకి లాగింది.

"ఎవరు కొలిచార్రా?"

"ముప్ఫై ఐదు బళ్లు దాటాయక్కా. ఆ లెక్క చాలదా?"

"నిన్న నేను ఆర్విడ్ భార్యతో మాట్లాడాను. కంటికి కట్టుతో మంచం మీద ఉన్నాడంది. ఎవరు కొలిచారని అడుగుతున్నా."

"మోస్తోంది కదా."

"ఇప్పటిదాకా మోసిన లెక్క చెబుతున్నావు. ఇంకెంత మోస్తుందో చెప్పు." ఆమె చేతిలో పిండి ఉంది. దాన్ని బల్ల మీద వదిలేసి నా వంకే చూస్తూ నిలబడింది. ఎవరో హాలులోంచి బీరు కోసం అరిచారు. నేను వెళ్లాను.

మూడున్నరకి గ్లెన్ జట్టు వచ్చింది. మంచు మళ్లీ దట్టంగా పడుతోంది. తలుపు దగ్గర అలవాటుగా లెక్కపెట్టుకున్నాను. నలుగురు.

"ఐదోవాడు?"

"నార్బ్. మా బావమరిది," అన్నాడు గ్లెన్, మీసాల మీది మంచు దులుపుకుంటూ. "హోలిస్ కొట్టులో తొడుగులు కొంటానని ఆగాడు. వస్తాడులే. వాడి జాగ్రత్త నీకు తెలీదు, పడుకున్న ఆవును దాటాలన్నా లైటు వేసి చేయి చూపిస్తాడు."

నలుగురూ నవ్వారు. ఐదు పేస్టీలు తెచ్చి పెట్టాను. నాలుగు తిన్నారు. ఐదోదాని మీద డొరీన్ పళ్లెం బోర్లించింది.

నాలుగు కావస్తుండగా వెనక గదిలోకి వెళ్లి హోలిస్‌కి ఫోను చేశాను.

"ఆ జాగ్రత్తగాడా? మూడుంపావుకే బయల్దేరాడే. మావాళ్ల వెనకాలే అని చెప్పి పోయాడు. ఏం?"

మైలున్నర దూరం. ఎంత నెమ్మదిగా వచ్చినా పది నిమిషాలు. రేవు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. నా చెట్లు మూడు కనిపించాయి. నాలుగోది ఉందనుకోవాలి. ఆ వెనక అంతా తెలుపు. ఇంజను చప్పుడు కోసం విన్నాను. హాలులో నవ్వులే వినిపించాయి.

లోపలికి వచ్చి జిల్లా పోలీసుల షెరీఫ్ ఆఫీసుకు ఫోను చేస్తుండగా తలుపు తెరుచుకుంది. ఆర్విడ్. ఎడమ కంటికి కట్టు, వెనక అతని అల్లుడు. పొద్దున అతను నిద్రలో ఉండగా హోలిస్ ఫోను చేసి, కన్ను కోయించుకుని కూడా దారి తెరిపించావు భళా అని చెప్పమన్నాడట. లేచాక ఆ మాట విని, రెండు ఒడ్డులకూ ఫోను కలవక, మంచం దిగి కారెక్కాడు.

"నా చెట్లు ఎవరు వేశారు?"

హాలు గోలలో ఆ మాట నాకొక్కడికే వినపడింది. నేను అతని మొహం చూడకుండా, "ఒక మనిషి రాలేదు," అన్నాను.

చదును అడుగు ఉన్న చిన్న రేకు పడవకు తాళ్లు కట్టాం. దాన్ని చెరో పక్క పట్టుకుని, ప్రమాదమైతే అందులో పడేలా, నడిచాం. గ్లెన్ వస్తానంటే ఆర్విడ్ వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. ఏడో చెట్టు దాటాక చెట్లు లేవు. మంచులో బళ్ల జాడలు మాత్రమే, వాటి నిండా బూడిదరంగు నీళ్లు. ఆర్విడ్ బరమా దించాడు. "మూడు." ఇంకో రెండు వందల అడుగులు పోయి మళ్లీ దించాడు. "రెండున్నర." ఆ మాట కూడా మెల్లగా అన్నాడు, గడ్డ వింటుందన్నట్టు.

ఇరుకు దగ్గరపడే చోట ఒక జాడ మిగతావాటి నుంచి విడిపోయింది. ఆర్విడ్ ఒంటికన్నుతో వంగి చూశాడు.

"ఇక్కడ ఆపాడు. దిగాడు, ఇదిగో బూటు జాడ. నాలుగడుగులు వేసి చుట్టూ చూశాడు. చెట్టు కోసం." నిటారుగా నిలబడ్డాడు. "జోరుగా పోయినవాళ్లంతా దాటేశారు. వీడు ఆగి వెతికాడు."

ముందు నల్లటి నీళ్లున్నాయి, ఒక బల్లంత మేర. పెంకులాంటి కొత్త గడ్డ అప్పుడే అంచుల మీద పాకుతోంది. పిలిచాం. చాలాసేపు పిలిచాం.

"ఒడ్డున మొదటి ఏడూ?" అన్నాడు ఆర్విడ్, నీళ్లనే చూస్తూ.

"నేనే."

"కొలిచావా?"

"రేవు దగ్గర. ఏడు."

తల ఊపాడు. పడవ తాడు చేతికి చుట్టుకుని వెనక్కి తిరిగాడు. దారిలో నా చెట్లు ఒక్కొక్కటీ పెరికి పక్కన పడేసుకుంటూ వచ్చాడు. నేను సాయం చెయ్యబోతే, "నువ్వు ముట్టుకోకు," అన్నాడు.

గ్లెన్ రేవు మీద నిలబడి ఉన్నాడు. "చెట్లున్నాయి కదయ్యా," అన్నాడు ఆర్విడ్‌తో. "రెండు పక్కలా చెట్లున్నాయి. వాడు చెట్లు లేని చోటికి వచ్చే మనిషి కాదు."

"ఉన్నాయి," అన్నాడు ఆర్విడ్.

షెరీఫ్ మనిషి నా హాలులోనే కూర్చుని అందరినీ అడిగాడు. హోలిస్ కూడా రోడ్డు చుట్టి వచ్చాడు. దారి ఎవరు తెరిచారంటే ఆర్విడ్ చెయ్యెత్తాడు.

"మీరే కొలిచారా?"

"సోమవారం కొలిచాను."

"ఏడు ఉందన్నావట," అన్నాడు హోలిస్, ఏడుపు గొంతుతో. "వెండీ చెప్పాడు."

ఆర్విడ్ నా వైపు తిరిగాడు. ఆ ఒక్క కన్ను నా మీద ఎంతసేపు నిలిచిందో చెప్పలేను. నేను నోరు తెరవడానికి కావలసినంత సేపు నిలిచింది. డొరీన్ వంటగది గుమ్మంలో ఉంది. నేను తెరవలేదు.

"అన్నాను," అన్నాడు ఆర్విడ్.

షెరీఫ్ మనిషి రాసుకున్నాడు. ఆర్విడ్ అలా ఎందుకన్నాడో నేను చాలాసార్లు లెక్కవేశాను. ప్రతి సరుకుకూ ధర కట్టగలను, దీనికి కట్టలేకపోయాను.

నార్బ్‌ను మంగళవారం బయటికి తీశారు. ఆ వారమే అసలు చలి దిగింది; చెట్లు రాత్రుళ్లు పగిలేంత చలి. ఇరవై మూడో తేదీకి ఎక్కడ తొలిచినా తొమ్మిది అంగుళాలు. అప్పటికే ఆర్విడ్ క్లబ్బుకు రాజీనామా రాసి ఇచ్చాడు, ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి గనక నాకిచ్చారు.

ఇక వచ్చింది చెబుతాను. మార్చి పదకొండు దాకా నలభై ఎనిమిది రోజులు దారి నడిచింది. ట్యాంకు మూడుసార్లు నింపించాను. పేస్టీలు ఫిబ్రవరిలోనే అయిపోయాయి. కిటికీలకు చెక్కలు కొట్టలేదు. డొరీన్ వెళ్లలేదు, నాతో పనిమాటలు తప్ప మాట్లాడదు. గ్లెన్ జట్టు మళ్లీ రాలేదు. ఆర్విడ్ ఊళ్లో ఎదురైతే జనం పలకరిస్తారు గానీ ఆగరు, చలికాలం వచ్చినప్పుడు ఎవరూ అతణ్ణి ఏమీ అడగరు. నేను ఇప్పుడు అరవై చోట్ల తొలుస్తాను. నాకంటే జాగ్రత్తపరుడు ఈ సరస్సు మీద లేడని క్లబ్బులో అంటారు. నేను మొదటి చెట్టు పాతగానే, అవతలి ఒడ్డున హోలిస్, ఒక్క ఫోను కూడా చెయ్యకుండా, తన చెట్లు మొదలుపెడతాడు.