గాడిద వెంట లైబ్రరీకి

కాలేజీలో అతన్ని అందరూ మొహమాటం అనే పిలిచేవారు. వ్యాసం రాయమని ప్రొఫెసరు ఇచ్చిన అంశం, ఊరి కట్టడాల్లో గాడిదల పాత్ర. లైబ్రరీలో జంతువుల పుస్తకాలున్న బీరువాల మధ్య తిరిగి తిరిగి అతని చెప్పులు అరిగాయే గాని పనికొచ్చే ముక్క ఒక్కటీ దొరకలేదు. తలుపు పక్కనే లైబ్రేరియన్ కూర్చునేది. ఆవిణ్ని అడిగితే తనకేమీ తెలియదన్న సంగతి బయటపడుతుందని అతని భయం. అందుకని పిన్నిని అడిగాడు, బస్సు కండక్టరుని అడిగాడు, చివరికి ఇటుకల బట్టీ యజమానిని అడిగాడు.

"నన్నడిగితే ఏం లాభం బాబూ, మోసింది నేనా? దాన్నే అడుగు," అంటూ ఆయన ఒక ముసలి గాడిద తాడు చేతిలో పెట్టాడు. వద్దనడానికి అతనికి మొహమాటమేసింది.

దారిలో వాన పట్టుకుంది. గాడిద అతన్ని ఈడ్చుకుంటూ లైబ్రరీలోకి దూరి, తిన్నగా లైబ్రేరియన్ బల్ల ముందు నిలబడింది.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని గాడిదవైపే చూస్తూ, "చెప్పండి, ఏం కావాలి?" అంది.

గాడిద ఓండ్రపెట్టింది.

"కాస్త నెమ్మదిగా. దేని గురించి?"

వసుదేవుడంతటివాడు గాడిద కాళ్లు పట్టుకున్నాడంటారు. ఇక్కడ తన పని కోసం గాడిద చీవాట్లు తినడం చూసి అతనికి ప్రాణం చచ్చిపోయింది.

"దీని గురించేనండీ. ఊరు కట్టేటప్పుడు ఇవేం మోశాయో కావాలి," అన్నాడు.

"ఏ కాలంలో?"

"అదీ తెలీదండీ."

"తెలిస్తే నా దగ్గరికెందుకు వస్తారు? నాకూ తెలీదు. రవాణా కింద వెతికి చూద్దాం, పదండి."

ఇద్దరూ పాత మునిసిపాలిటీ నివేదికలు తిరగేశారు. గాడిద సెలవుల నోటీసు నమిలింది. సాయంత్రానికి నీళ్ల ట్యాంకు కట్టినప్పటి పేజీ దొరికింది. ఇసుక మోసిన గాడిదలకు మధ్యాహ్నం విశ్రాంతి ఇవ్వాలని సంఘం తీర్మానించిందట. అతను దాన్ని ఆవిడకి పైకి చదివి వినిపించాడు. అంతసేపు గట్టిగా మాట్లాడటం అతనికదే మొదటిసారి.

ఈ కథ కాలేజీ అంతా పాకింది, కాస్త వంకరగా. మర్నాడు లైబ్రేరియన్ బల్ల ముందు వరుస కట్టినవాళ్లలో ఒకడి చేతిలో మేక తాడు, ఇంకొకడి చంకలో కోడి. ఆవిడ అందరికీ ఓపిగ్గా సమాధానం చెప్పి, 'ఒంటరిగా కూడా రావచ్చు' అని బోర్డు పెట్టింది.

ఆ సాయంత్రమే కొత్తగా చేరిన అమ్మాయి గుమ్మంలో తచ్చాడింది.

"మేడమ్, మా ఇంట్లో పిల్లి ఒక్కటే ఉంది. అదేమో రానంది."

"పర్లేదమ్మా, కూర్చో. ఏం కావాలి?" అంది ఆవిడ.