ప్రార్థనలో ఈల

ఆ పాత ప్రార్థనాలయాన్ని ప్రభుత్వం మ్యూజియంగా మార్చిన ఏడాదే నాకక్కడ కాపలా ఉద్యోగం వచ్చింది. లోపల ఎవరు మోకరిల్లినా, కళ్లు మూసుకుని పెదవులు కదిపినా ఈల వేసి, "ఇది చారిత్రక కట్టడం, ప్రార్థన చేయరాదు" అని బయటికి పంపాలి. పద్దెనిమిదేళ్లు ఎంత నిష్ఠగా చేశానంటే, అందరూ నా పేరు మరిచిపోయి 'ఈలాయన' అనసాగారు. అది బిరుదనుకుని మురిసిపోయాను. తుమ్ము ఆపుకోవడానికి కళ్లు మూసుకున్న టూరిస్టును కూడా వదల్లేదు.

మా అత్తగారి పెళ్లి ఆ హాల్లోనే జరిగిందట. మామగారు చనిపోయిన నెల రోజులకు ఆవిడ ఒంటరిగా వచ్చి, ఓ స్తంభం పక్కన మోకరిల్లారు. ఈల వేశాను.

"నేను బాబూ!" అన్నారు తెల్లబోయి.

"రూలంటే రూలేనండీ అత్తయ్యగారూ" అన్నాను, చుట్టుపక్కలవాళ్లు వినేలా. ఆవిడ లేచి వెళ్లిపోయారు. నెల రోజులు మా ఆవిడ నాతో మాట్లాడలేదు. నా నిజాయితీకి అదో పతకమన్నట్టు ఛాతీ విరుచుకుని తిరిగాను.

పోయిన ఏడాది కోర్టు తీర్పుతో అది మళ్లీ ప్రార్థనాలయమైంది. అద్దాల పెట్టెలు లారీ ఎక్కాయి, బోర్డు మారింది. "ఇకనుంచి వచ్చినవాళ్లకి దారి చూపించు, చాలు" అన్నారు ఆఫీసరు.

"అదెంత పనండీ!" అన్నాను.

మొదటి రోజు హాలు కిటకిటలాడింది. ప్రార్థన చేయించే పెద్దాయన చేతులెత్తగానే మూడు వందల మంది ఒక్కసారి మోకరిల్లారు. నా కళ్లకు మూడు వందల నేరాలు! ఈల మోగాక గానీ వేసింది నేనేనని నాకు తెలియలేదు.

పెద్దాయన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. పాతవాళ్లు కొందరు అలవాటు కొద్దీ లేచి తలుపు వైపు నడిచారు. అప్పుడు ముందు వరసలోంచి అత్తగారు, వెనక్కి తిరక్కుండానే, "కంగారుపడకండి, మా అల్లుడే" అన్నారు.

హాలంతా నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది.

అందరూ వెళ్లాక ఆవిడ దగ్గరికి వెళ్లి, "అత్తయ్యగారూ, అప్పుడు నేను..." అని నసిగాను. క్షమాపణ అడగడం నాకెప్పుడూ అలవాటు లేదు మరి.

"చాలా బాధపెట్టావు బాబూ" అన్నారు సూటిగా. "కూర్చో. పెళ్లిరోజు మీ మామగారు ఇక్కడే ఏం చేశారో తెలుసా?" అన్నారు.

మోకాళ్లు పటపటమంటుంటే రాతినేల మీద కూలబడ్డాను. పెళ్లి ప్రమాణం చేసేటప్పుడు ఆయన కంగారులో తన పేరే మరిచిపోయి, వాళ్ల నాన్న పేరు చెప్పారట. చెబుతూ ఆవిడ నవ్వారు, కళ్లు తుడుచుకున్నారు.

ఇంతలో ఆఫీసరు వచ్చి, "టైమైంది, తలుపులు వెయ్యాలి" అన్నారు.

"కాస్త ఆగండి సార్" అన్నాను, "పెళ్లి ఇంకా సగంలోనే ఉంది."