పురుగులు లెక్కపెట్టే మనిషి

శుక్రవారం సాయంత్రం ఐదు. ఆలోపు అర్హత ఉన్న బయటి పరిశీలకుడు చేలు చూసి రిపోర్టు రాయడానికి ఒప్పుకున్నట్టు సంతకం హైదరాబాదులో డబ్బిచ్చే సంస్థకి ఫ్యాక్స్‌లో చేరకపోతే, వినుకొండ చుట్టుపక్కల పదకొండు ఊళ్ళలో పురుగుమందు లేకుండా మిరప, పత్తి పండించే కార్యక్రమం మూతపడుతుంది. మూడేళ్ళుగా దాన్ని నడుపుతున్న జ్యోతిర్మయి చేతిలో మంగళవారం ఉదయానికి మిగిలింది ఒకే ఒక్క పేరు.

అంతకుముందు ఇద్దరు దొరికారు. మొదటాయన బావమరిదికి పురుగుమందుల కొట్టుంది. రెండో ఆయన పొలం గట్టు కూడా ఎక్కలేదు. "రిపోర్టు మీరే రాసేయండమ్మా, నేను సంతకం పెడతా" అన్నాడు. ఆయన్ని ఆమె దగ్గరుండి తిరుగు బస్సెక్కించింది.

మూడో పేరు సంజీవరావు. పురుగుల శాస్త్రం చదివి, వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేసి, రిటైరై పర్చూరులో ఉంటున్నాడు. కిందటేడు రైతుల సభలో మైకు పట్టుకుని ఈ కార్యక్రమాన్ని "ఉత్త భజన" అన్నది ఆయనే.

రెండు బస్సులు మారి ఆయన ఇంటికి వెళ్ళింది.

"నేను తిట్టానని తెలిసే వచ్చావా?" అన్నాడాయన, పడకకుర్చీలోంచి లేవకుండానే.

"తెలిసే వచ్చానండి. మమ్మల్ని మెచ్చుకునేవాళ్ళ సంతకం ఎవరూ నమ్మరు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "గురువారం వస్తా. ముందు ఒక్క చేను చూపించు. చూడదగ్గదేదైనా ఉంటే ఒప్పుకుంటా. లేదా, మధ్యాహ్నం బస్సుకి నా దారి నాది."

ఆయన వస్తున్న సంగతి బుధవారం ఆమె ఒక్క వెంకయ్యకే చెప్పింది. ఊళ్ళో అందరికంటే శ్రద్ధగా సేద్యం చేసే రైతు.

గురువారం పొద్దున సంజీవరావుతో కలిసి గట్టు ఎక్కగానే జ్యోతిర్మయి నాలుగువైపులా చూసింది. మిరపచేను చుట్టూ ఉండాల్సిన ఆముదం మొక్కలు లేవు. పురుగు గుడ్లు మిరప మీద కాకుండా ఆముదం ఆకుల మీద పెట్టాలనే వాటిని వేయించింది. తూట్లు పడ్డ ఆ ఆకులే వాళ్ళ పనికి రుజువు.

"బాబాయ్, ఆముదాలేవీ?"

"పీకేశానమ్మా!" వెంకయ్య ముఖం వెలిగిపోతోంది. "పెద్దాయన వస్తుంటే ఆ తూట్ల ఆకులు చూపిస్తామా? పరువు పోదూ?"

"నే వద్దంటూనే ఉన్నా, ఇంటేగా!" అంది ఆయన భార్య పేరమ్మ. "చేనుకి పెళ్ళిచూపులన్నట్టు తెల్లారకముందే మొదలెట్టాడు."

సంజీవరావు నాలుగు మొక్కలు తిరగేసి చూశాడు. "శుభ్రంగా ఉంది. మందు కొట్టినా ఇలాగే ఉంటుంది. ఇక్కడ నేను తేల్చేదేం లేదమ్మా."

జ్యోతిర్మయి వాగులోకి దిగి, పారేసిన ఆముదం మొక్కలు చేతినిండా పట్టుకొచ్చింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇవి ఏ గట్టువో ఎవడికి తెలుసు?"

"నిజమేనండి. ఈ చేను వదిలేయండి. మీరొస్తున్నట్టు ఇంకెవరికీ చెప్పలేదు. కనబడే చేలల్లో మీకు నచ్చింది చూసుకోండి. నేను వెంట రాను."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పుంటే అన్నీ ఇలాగే తయారయ్యేవి!"

ఆయన మొదటిసారి నవ్వాడు. దూరంగా వాగు అవతలున్న చేను వైపు వేలు చూపించాడు. అది యలమంద అనే రైతుది. కార్యక్రమంలో ఉన్నవాళ్ళందరికంటే మొండివాడు. జ్యోతిర్మయి పక్కకి తప్పుకుని దారిచ్చింది.

గంటన్నర గట్టు మీదే నిలబడింది. వెంకయ్య రెండుసార్లు మజ్జిగ తెచ్చాడు, రెండుసార్లూ వద్దంది.

సంజీవరావు బురద కాళ్ళతో తిరిగొచ్చాడు. చేతిలో ఒక ఆముదం ఆకు, దాని నిండా లద్దెపురుగు పిల్లలు.

"ఆముదం మొక్కకి ఇలాంటివి నాలుగైదు ఆకులున్నాయి. మిరప మీద వెతికితేగానీ పురుగు దొరకలేదు. అయితే మీ యలమంద నెల కిందట చాటుగా ఒకసారి మందు కొట్టాడట. గట్టిగా అడిగితే ఒప్పుకున్నాడు."

పేరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అది రాస్తాను" అన్నాడాయన. "చదివి మీకు డబ్బిచ్చేవాళ్ళు ఆపేసినా ఆపేస్తారు."

జ్యోతిర్మయి సంచిలోంచి అంగీకారపత్రం తీసి, పెన్నుతో సహా అందించింది. "రాయండి. తప్పులు దాచిపెట్టి దీన్ని నిలబెట్టుకునేదాన్నైతే పర్చూరు దాకా ఎందుకొస్తానండి?"

ఆయన కాగితం మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు.

"మరి నా చేను?" అన్నాడు వెంకయ్య బేలగా.

"నీది లెక్కలోకి రాదయ్యా, మరీ అందంగా ఉంది." సంజీవరావు జ్యోతిర్మయి వైపు తిరిగాడు. "రేపట్నుంచి వారం రోజులు. ఏ ఊరికి ముందు వెళ్తానో నీకు కూడా చెప్పను."

"చెప్పొద్దండి" అందామె.