పై గది వాల్వు

“మళ్లీ ఏ కుళాయి వదిలేశావు?” అన్నాడు నా భర్త సిద్ధార్థ, ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

నేను దోసెలు పోస్తున్నాను. వంటింటి వెనక వరండాలో ప్రెషర్ మోటారు గుర్రుమని లేచి, కాసేపు తిరిగి ఆగింది. నేను ఏ కుళాయీ తిప్పలేదు. మా పాప సాత్విక హాల్లో హోంవర్కు చేసుకుంటోంది. మామగారు టీవీ ముందున్నారు. అత్తగారు పూజగదిలో వత్తులు చేసుకుంటున్నారు. అయినా స్టవ్ తగ్గించి సింకు, రెండు బాత్రూములు, పెరట్లో మొక్కల పైపు, అన్నీ చూసొచ్చాను. ఎక్కడా చుక్క కారడం లేదు. ఈలోగా దోసె మాడింది. దానికీ ఒక మాట పడ్డాను.

ఈ రకం మోటారు ఎవరైనా కుళాయి తిప్పితేనే తిరగాలి. పక్కన నీలం రంగు ట్యాంకు ఉంటుంది. అందులోని రబ్బరు సంచీ చుట్టూ ఉన్న గాలి, సంచీలోని నీళ్లను నొక్కిపెట్టి పైపుల్లో ఒత్తిడి నిలబెడుతుంది. ఒత్తిడి తగ్గినప్పుడు మోటారు దానంతటదే లేస్తుంది. మాది మాత్రం ఎవరూ అడక్కుండానే లేస్తోంది, ఆగుతోంది, మళ్లీ లేస్తోంది. మా ఇంట్లో దీనికి కారణం మోటారులో వెతకలేదు, మనుషుల్లో వెతికారు. మొదట నాలో. నా మతిమరుపు, నా పరధ్యానం. “స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ ఇంట్లో ధ్యాస ఎక్కడుంటుంది” అన్నారు అత్తగారు. తర్వాత అంట్లు తోమే రాజమ్మలో. నీళ్లు పారబోస్తోందని, మాన్పించేస్తామని ఆమెకు వినపడేలా అన్నారు. రాజమ్మ నా దగ్గరకు వచ్చి, “నేను పోయినంక గూడ తిరుగుతుందంటున్నరు గదమ్మా, మరి నా మీదెందుకు?” అంది.

సిద్ధార్థ తిరుమలేశ్ అనే ప్లంబరును పిలిపించాడు. ఇంట్లో ఉన్నంతసేపూ ఆ మోటారు చప్పుడు వినేది నేను. కానీ అతను లక్షణాలన్నీ సిద్ధార్థనే అడిగాడు. సిద్ధార్థ నన్నడిగి అతనికి చెప్పాడు. మోటారును లేపే స్విచ్చి పాడయిందని తిరుమలేశ్ కొత్తది వేసి వెళ్లాడు. ఆ సాయంత్రమే మళ్లీ గుర్రు. రెండోసారి వచ్చినప్పుడు, పైన కూడా నల్లాలున్నాయా, ఒకసారి చూసొస్తానన్నాడు తిరుమలేశ్.

“పైన ఎవరూ ఉండరు. ఆ లైను ఎప్పుడో కట్టేశాం. అటు వెళ్లక్కర్లేదు” అన్నారు అత్తగారు, అతని మాట పూర్తి కాకముందే. సిద్ధార్థ నావైపు చూశాడు. ప్లంబరు ఏదో అంటే భర్త భార్య ముఖంలోకి చూడవలసిన పనేముంది? ఆ చూపు నా మనసులో ఎక్కడో దిగబడిపోయింది.

పైన ఉన్నది నా గది. పెళ్లికి ముందు నుంచీ నాది డబ్బింగ్ పని. ఎందరో హీరోయిన్లకు గొంతిచ్చాను. ఏడవడంలో, నవ్వు ఆపుకోవడంలో మైత్రేయి తర్వాతే ఎవరైనా అనేవాళ్లు ఫిల్మ్ నగర్ స్టూడియోల్లో. నా సంపాదనతోనే డాబా మీద ఆ గది వేయించుకున్నాను. గోడలకు స్పాంజి, మంచి మైకు, పక్కన చిన్న బాత్రూము. పాప పుట్టాక కొన్నాళ్లు ఆగి మళ్లీ మొదలుపెడదామనుకున్నాను. ఫోన్లు రాలేదు. నోరు తెరిచి పని అడగడానికి మొహమాటపడి మెసేజీలు పెడితే, పొడిపొడిగా జవాబిచ్చేవాళ్లు. అదీ ఎక్కువసార్లు సిద్ధార్థతోనే చెప్పి పంపేవాళ్లు. అతను ఒక స్టూడియోలో డబ్బింగ్ ఇన్‌చార్జి. “ఇండస్ట్రీ అంతే మైత్రీ, కంటికి కనపడకపోతే మర్చిపోతారు” అన్నాడు. నమ్మాను. ఒక వానాకాలం, పై కప్పు కారి స్పాంజి అంతా బూజు పట్టిందని, మైకు అమ్మేశానని చెప్పాడు. అదీ నమ్మాను. తాళం అతని దగ్గరే ఉండిపోయింది. చూస్తే ఏడుపొస్తుందని నేను మెట్లెక్కలేదు. షేక్‌పేటలో ఒక స్కూల్లో తెలుగు టీచరుగా చేరాను. పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇల్లు.

ఆ చూపుకు నాకు తోచిన మొదటి అర్థం ఎవరికైనా తోచేదే. ఎవరో ఒక ఆడమనిషి. అలా అనుకున్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది. “నీకు అనుమానం జబ్బు” అని అతను తరచూ అనే మాట నిజమేనేమో అనిపించింది. కానీ అనుమానం ఒకసారి లేచాక దానంతటది కూర్చోదు. సిద్ధార్థ ఫోన్ బోర్లా పెట్టడం, టీ పొడి తొందరగా అయిపోతోందంటూ అత్తగారు నాతో చెప్పకుండా తనే తెప్పించుకోవడం, డాబా మీద బట్టలు ఆరేయొద్దని మామగారు కొత్తగా పెట్టిన నియమం, అన్నీ వరసగా కళ్ల ముందుకొచ్చాయి. మనుషుల్ని అడిగితే అబద్ధం చెప్తారు. మోటారునే అడుగుదామనుకున్నాను.

ఆదివారం అందరూ బంధువుల పెళ్లికి బయల్దేరారు. నేను తలనొప్పి అన్నాను. వాళ్లు వెళ్లగానే వరండాలో పీట వేసుకుని కూర్చున్నాను. ముందు ట్యాంకు. గాలి కొట్టే చోట పిన్ను నొక్కితే గాలే వచ్చింది, నీళ్లు రాలేదు. అంటే లోపలి సంచీ చిరగలేదు. ట్యాంకు తర్వాత ఇంట్లోకి వెళ్లే పెద్ద వాల్వు మూసి, ట్యాంకు నిండి మోటారు ఆగే దాకా చూశాను. ఒత్తిడి చూపే గేజిలో ముల్లు కదలకుండా నిలబడింది. మోటారు దగ్గర ఏ లోపమూ లేదు. నీళ్లు ఇంట్లోనే ఎక్కడో పోతున్నాయి. ఇక ఒక్కో లైనూ చూసుకుంటూ వచ్చాను. వంటిల్లు మంచిదే. కింది బాత్రూములు మంచివే. మిగిలింది పై గది లైను. ఎప్పుడో కట్టేశామని అత్తగారు అన్న లైను. మూసి ఉంటే దాని వాల్వు పిడి పైపుకు అడ్డంగా ఉండాలి. పైపు వెంటే ఉంది. పక్క వాల్వుల మీద దుమ్ము పేరుకుంది, దీని మీద లేదు. మూశాను. ముల్లు ఆగింది. తెరిచాను. ముల్లు మెల్లగా దిగింది. మళ్లీ మూసి, తెరిచి చూశాను. తప్పు ముల్లుది కాదు, నాది అంతకన్నా కాదు.

మెట్లెక్కాను. తలుపుకు కొత్త తాళం. బాత్రూము వెంటిలేటరు కింద నిలబడితే ఫ్లష్ ట్యాంకులోంచి సన్నగా నీళ్లు జారుతున్న చప్పుడు వినిపించింది. ఎవరూ లేని గదిలో కమోడ్ ఎవరు వాడతారు? తాళం పగలగొట్టలేదు. కిందికి వచ్చి ఆ వాల్వు గట్టిగా మూసేశాను. పై గదిని వాడుతున్నవాళ్లెవరో నీళ్ల కోసం వాళ్లే బయటికి వస్తారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మోటారు నిశ్శబ్దంగా ఉంది. “చూశావా, కొంచెం శ్రద్ధ పెడితే చాలు” అన్నాడు సిద్ధార్థ. “రాజమ్మను గట్టిగా అన్నాను కదా, అందుకే” అన్నారు అత్తగారు. నేను ఇద్దరికీ పెరుగు వడ్డించాను.

మర్నాడు రోజూలాగే బ్యాగు తగిలించుకుని బయల్దేరి, స్కూలుకు ఫోన్ చేసి సెలవు పెట్టి, సిద్ధార్థ కారు వెళ్లిపోయాక సందు వైపు మెట్ల మీదుగా పైకి వెళ్లాను. తలుపు తెరిచే ఉంది. ఒకమ్మాయి ఖాళీ బకెట్టు పట్టుకుని నిలబడింది.

“నల్లాల నీళ్లొస్తలేవు మేడం. మీరు కింది ఇంటోళ్లా?”

అవునన్నాను. పేరడిగితే నవత అంది. కృష్ణానగర్‌లో గది తీసుకుని ఉంటుందట. డబ్బింగ్ సీరియళ్లకు గొంతిస్తుందట. సిద్ధార్థ సారు ఇక్కడికే రమ్మన్నారట, పోయిన బతుకమ్మ పండుగ ముందు నుంచీ ఇక్కడే పని. నేను లోపలికి తొంగి చూశాను. స్పాంజి ఎక్కడా బూజు పట్టలేదు. కప్పు మీద తడి మరక లేదు. నా మైకు నా మైకులాగే ఉంది, ఊపిరి తగలకుండా నా పాత చున్నీ కత్తిరించి కుట్టుకున్న గుడ్డతో సహా.

“ఈ గది ఎవరిదని చెప్పారు సారు?”

“వాళ్ల మేడందంట. పాపం, గొంతుకు ఆపరేషనై మాట పోయిందంట గదా. గందుకే ఎవ్వరినీ కలవదంట. మేం కనిపిస్తే బాధపడ్తదని, ఆమె బడికి పోయినంకనే రమ్మన్నరు. చాయ్ ఇచ్చేటప్పుడు పెద్దమ్మ గూడ గదే చెప్పింది.” కాస్త ఆగి అంది, “మాట లేకుంటే బడిల ఏం పని చేస్తదో ఏమో. అడగబుద్ధి కాలే.”

వెళ్లి మైకు మీది ఆ గుడ్డ పట్టుకున్నాను. డబ్బింగ్ కోఆర్డినేటరు శ్రీకాంత్‌గారు ఒకసారి బజార్లో నన్ను చూసి, రెండు చేతులూ జోడించి, జాలిగా తలాడించి, నేను నోరు తెరిచేలోపే వెళ్లిపోయారు. పొగరనుకున్నాను. నన్నెవరూ మర్చిపోలేదు. నేను పనికిరానని వాళ్లకు చెప్పారు. వాళ్లు నన్ను మర్చిపోయారని నాకు చెప్పారు. మధ్యలో కూర్చుని రెండు వైపులా చెప్పిన మనిషికి ఇన్నేళ్లూ నేను కుళాయిలు కట్టేశానో లేదో సంజాయిషీ ఇచ్చుకున్నాను.

“మీకేమైంది మేడం?” అంది నవత.

“ఏమీ కాలేదు. నా పేరు మైత్రేయి. ఈ గది నాది” అన్నాను.

ఆ అమ్మాయి బకెట్టు కింద పెట్టి గుమ్మం వైపు జరిగింది. తను ఏ తప్పూ చేయలేదని, భయపడొద్దని చెప్పాను. పని మానుకోవద్దని, రేపు కూడా రమ్మని, కాకపోతే తలుపు నేనే తీస్తానని చెప్పి తాళంచెవి అడిగాను. రెండు చేతులతో ఇచ్చింది. మైకు ముందు స్టూలు మీద కూర్చుని శ్రీకాంత్‌గారికి ఫోన్ చేశాను.

“ఎవరండీ?” అన్నారాయన.

“మైత్రేయినండీ.”

నాకు ఏ ఆపరేషనూ కాలేదని, పని చేయడానికి సిద్ధంగా ఉన్నానని చెప్పాను. ఆయన తడబడ్డారు. సంతోషమన్నారు. ఆ తర్వాత అలవాటు చొప్పున, “సరేనమ్మా, సిద్ధార్థగారితో ఒకసారి మాట్లాడి చెప్తాను” అన్నారు.

“ఆయనతో సాయంత్రం నేను మాట్లాడతాను” అన్నాను. “పని గురించి మీరు నాతో మాట్లాడండి.”