తివాచీ మీద కూర్చున్న మనిషి

మా ఊళ్లో సగం ఇళ్లు రోమన్ల నాటి రంగస్థలం మెట్ల మీదే ఉన్నాయి. అందుకని అనుమతి లేకుండా గోడకు మేకు కొట్టినా నేరమే. పైకప్పు కుంగుతోందని అర్జీలు పెట్టి పెట్టి విసిగి, మా ఆయన దుర్ముష్ దొంగచాటుగా నట్టింట్లో గుంజ పాతబోయాడు. గుంటలో రంగురాళ్లతో పేర్చిన ఆడమనిషి ముఖం బయటపడింది. సంగతి పొక్కిందా, ఇల్లు సర్కారుదే.

సరిగ్గా అప్పుడే వాన పట్టుకుంది. శిథిలాలు చూడ్డానికొచ్చిన అంకారా దంపతులు తడుస్తూ మా గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చారు. గుంట మీద చెక్క వేసి, తివాచీ కప్పి, దాని మీద చతికిలబడ్డాను. ఇంటికొచ్చినవాళ్లకు టీ ఇవ్వకపోతే మా ఊళ్లో తలెత్తుకు తిరగలేం. కానీ లేస్తే, మెడలో కెమెరా వేసుకున్న ఆ భర్తగారు తివాచీ తొక్కేలా ఉన్నాడు.

"కాలు బెణికిందమ్మా," అన్నాను ఆవిడతో.

"అయ్యో, మీరు కదలకండక్కా! నేను పెడతాగా."

నా పొయ్యి తనే వెలిగించి, నా గ్లాసులో నాకే టీ పోసిచ్చింది. "ఇలాంటి చోట ఉండాలంటే పెట్టి పుట్టాలక్కా," అంది. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా నవ్వాను.

వాన వెలిసింది. "వచ్చే నెల మళ్లీ వస్తాం, డాక్టర్ని కూడా తీసుకొస్తాం," అని చెప్పి వెళ్లారు.

దుర్ముష్ గడియ పెట్టాడు. "పోయార్లే. ఇక లెయ్యి."

పైన దూలం కిర్రుమంది.

"లేచి ఎక్కడికి పోనయ్యా?" అన్నాను.