గదికి తలుపు

మనసు బాగాలేనివాళ్లకు కూడా ఇక్కడే వైద్యం చేయాలని మా చిన్న ఆసుపత్రికి పైనుంచి ఆదేశం వచ్చింది. నర్సునైన నాకు రోజంతా పాఠాలు చెప్పారు గానీ, వాళ్లతో మాట్లాడాల్సిన గదికి తలుపుందా అని ఒక్కరూ అడగలేదు. దాన్ని ఎప్పుడో ఊడదీసి, వరండాలో ఇటుకల మీద పరిచి మందుల బల్ల చేశారు.

తలనొప్పంటూ మాటిమాటికీ వచ్చే ఒకావిడను, బుద్ధి గడ్డి తిని, అందరూ వింటుండగానే అడిగాను.

"ఇంట్లో ఎవరైనా కొడతారామ్మా?"

బయట వరసలో ఉన్నవాళ్లంతా మెడలు చాచారు. గుమ్మంలో నిలబడ్డ మొగుడే జవాబిచ్చాడు. "అలాంటివేం లేవు సిస్టర్. బిళ్లలివ్వండి చాలు."

ఆమె తల దించుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి డాక్టరుగారిని తలుపడిగాను.

"మాట్లాడ్డానికి తలుపెందుకమ్మా," అని నవ్వాడాయన.

"అయితే మీ ఇంటి గొడవలు ఈ వరండాలో చెప్పండి సార్. అందరం వింటాం."

ఆయన నవ్వు ఆగిపోయింది. నేను మందులన్నీ కింద పెట్టేసి తలుపు ఎత్తబోయాను. ఒక్కదాన్నే కావడంతో అది లేవలేదు. ఎవరో రెండో కొస పట్టుకున్నారు. చూస్తే ఆవిడే.

మొగుణ్ణి బయటే ఉంచి, ఇద్దరం లోపలినుంచి దాన్ని గుమ్మానికి అడ్డం పెట్టాం. ఆమె దానికి వీపు ఆనించి నిలబడింది.

"ఇప్పుడడగండి సిస్టర్," అంది.